నాన్నగారు నటించడం లేదు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 68. నాలుగు నెలల కిందట ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది, మాట ఆగిపోయింది. పక్షవాతం అన్నారు. ఇప్పుడు ఊతకర్రతో నడుస్తున్నారు గానీ చెయ్యి లేవడం లేదు. మాకు అంతుపట్టనిది మాట సంగతే. మంచినీళ్లు అడగడానికి ‘నీ... నీ...’ అంటూ చెమటలు పట్టేదాకా ప్రయత్నించి, చివరికి చెయ్యి విసిరేస్తారు. అదే మనిషి కోపం వస్తే తిట్టు స్పష్టంగా తిడతారు. మొన్న రేడియోలో పాత పాట వస్తే పల్లవి మొత్తం తప్పు లేకుండా పాడారు. ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పేస్తారు. ఇది చూసి మా అన్నయ్య ‘కావాలనే చేస్తున్నాడు, మొండికేశాడు’ అంటున్నాడు. మేనత్తేమో ‘మతి పోయింది, వాణ్ణి ఏమీ అడక్కండి’ అంటోంది. డాక్టరుగారు ‘ఎడమవైపు కార్టెక్స్ దెబ్బతింది’ అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయారు. కార్టెక్స్ అంటే ఏమిటి? అది దెబ్బతింటే తెలివి పోయినట్టేనా? మెదడులో మనం వాడేది 10 శాతమే అంటారు కదా, మిగతా 90 శాతంతో పని జరిపించలేమా? కుడి మెదడును చురుకు చేసే శిక్షణ ఉందని ఒకరు చెప్పారు, చేర్పించమంటారా?
— ఓ కూతురు

సమాధానం:

అమ్మా, మీ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. నాన్నగారు నటించడం లేదు. మతీ పోలేదు. ఆయన్ని నేను చూడలేదు, స్కాన్ ఫిల్ములూ చూడలేదు. అయినా మీరు రాసిన తిట్టు, పాట, అంకెలు చాలావరకు విషయం చెప్పేశాయి. మీ అన్నయ్యకు అవి నటనకు రుజువులా కనిపిస్తున్నాయి. కాస్త ఆలోచించమనండి. మాట పోయినట్టు నాటకమాడేవాడు నోరు మూసుకుని కూర్చుంటాడు గానీ, దాహమని చెప్పలేక చెమటలు కక్కుతూ మరుసటి గంటలో పల్లవి ఎత్తుకోడు. కావాలని చేయాలన్నా చేతకానంత విచిత్రమైన పద్ధతిలో ఆయన మాట పోయింది. ఆ పద్ధతి వైద్యులకు నూట అరవై ఏళ్లకు పైగా తెలుసు. దీన్ని అఫేసియా అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఎంతో కొంత ఉంటుంది.

1861లో పారిస్ శివారులోని బిసెత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏమడిగినా ఆయన నోట ‘టాన్ టాన్’ అనే వచ్చేది, అందుకని అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. ఆయనకూ మీ నాన్నగారిలాగే కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. పాల్ బ్రోకా అనే సర్జన్ పరీక్షిస్తూ ‘ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది’ అని అడిగాడు. టాన్ ఎడమచేతి ఐదువేళ్లనూ నాలుగుసార్లు చాపి, ఆ తర్వాత ఒక్క వేలు చూపించాడు. ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా సరిపోయింది. తన సైగలు ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే మాత్రం కోపం తన్నుకొచ్చి ఒక తిట్టు స్పష్టంగా తిట్టేవాడట! కొద్దిరోజులకే ఆయన చనిపోయాడు. బ్రోకా పుర్రె తెరిచి చూస్తే ఎడమవైపు నుదుటిభాగం మెదడులో, కిందుగా, వెనక అంచున పాడైన చోటు కనిపించింది. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటున్నాం. చాలా ఏళ్ల తర్వాత, 2007లో, దాచి ఉంచిన ఆ మెదడుకే ఎంఆర్ఐ తీస్తే దెబ్బ బ్రోకా చూసినదానికంటే లోతుగా వెళ్లిందని తేలింది. అంటే మాటను ఒక్క చోటికి కట్టెయ్యడం కుదరదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నాన్నగారు కోలుకోవడం గురించి చెప్పేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఇక కార్టెక్స్. పాఠ్యపుస్తకాల్లో మస్తిష్క వల్కలం అని చదివే ఉంటారు. మెదడు రెండు అర్ధగోళాలనూ పైన కప్పి ఉండే బూడిదరంగు పొర అది. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, అంతే. విప్పి పరిస్తే రెండువైపులదీ కలిపి దాదాపు అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు వస్తుంది. అంత దుప్పటిని చిన్న సంచిలో కుక్కితే ముడతలు పడక ఏమవుతుంది? మెదడు బొమ్మలో కనిపించే మెలికలన్నీ అవే. పొరలో మూడింట రెండు వంతులు ఆ ముడతల లోపల దాగి ఉంటుంది, పైకి కనిపించేది మూడోవంతే. మెదడంతటిలో 8,600 కోట్ల దాకా నాడీకణాలు ఉంటే, కార్టెక్స్‌లో ఉండేవి 1,600 కోట్లు. మిగతావాటిలో అత్యధికం వెనక కిందుగా ఉండే చిన్నమెదడులో ఉన్నాయి. తెలివి కణాల సంఖ్యను బట్టే వచ్చేదైతే చిన్నమెదడే మనల్ని ఏలాలి!

ఆ సన్నని మందంలోనే కణాలు ఆరు వరుసలుగా అమరి ఉంటాయి. పైనుంచి లెక్కపెడితే రెండు, మూడు వరుసల్లోనివి కార్టెక్స్‌లోనే ఒక చోటి నుంచి మరో చోటికి కబురు పంపుతాయి. నాలుగో వరుస బయటి సమాచారాన్ని అందుకుంటుంది. కళ్లు, చెవులు, చర్మం పంపినవన్నీ మెదడు నడిమధ్యన ఉండే థలామస్ మీదుగా ప్రధానంగా ఇక్కడికి చేరతాయి. ఐదో వరుస ఆజ్ఞలు పంపేది. కదలికల ప్రాంతంలో ఈ వరుసలో బెట్జ్ కణాలని పెద్ద కణాలు ఉంటాయి. వాటిలో కొన్నింటి తీగ నెత్తిమీద బయలుదేరి, మెదడు కాండం అడుగున ఎడమది కుడికి, కుడిది ఎడమకు దాటి, వెన్నుపాములో నడుం దాకా దిగుతుంది. ఒకే ఒక్క కణం, ఎక్కడా అతుకు లేకుండా! అడ్డంగా దాటే ఈ పద్ధతి వల్లే ఎడమ మెదడుకు దెబ్బ తగిలితే కుడి పక్క పడిపోయింది. వరుసల మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చూపు అందే చోట నాలుగోది దళసరి, కదలికల చోట అది కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఈ తేడాలు చూసే 1909లో జర్మన్ వైద్యుడు బ్రోడ్‌మన్ కార్టెక్స్‌ను భాగాలుగా విడదీసి నంబర్లు వేశాడు. నాన్నగారి రిపోర్టులో 44, 45 లాంటి అంకెలు కనిపిస్తే కంగారుపడకండి, అవి బ్రోడ్‌మన్ వేసిన నంబర్లే. బ్రోకా ప్రాంతానివి.

కార్టెక్స్‌ను నాలుగు పెద్ద భాగాలుగా చెబుతారు, వాటిని లోబ్‌లు అంటారు. వాటి గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు. ముందున్న ఫ్రాంటల్ లోబ్ నిర్ణయాలు, కదలికలు, మాట్లాడటం చూస్తుంది. నడినెత్తి వెనకున్న పెరైటల్ స్పర్శను, ఏ వస్తువు ఎక్కడుందనే స్పృహను, చెవిపక్కనున్న టెంపొరల్ వినికిడిని, మాటల అర్థాన్ని, ముఖాల గుర్తింపును చూసుకుంటాయి. అన్నిటికంటే వెనకున్న ఆక్సిపిటల్ చూపుది. పని ఇంత నున్నగా పంచుకోవడమేమీ జరగదు గానీ మీ అవసరానికి ఇది చాలు. నాన్నగారి విషయంలో ఆగి చూడాల్సింది ముడతల మధ్యనున్న ఒక్క గాడి దగ్గర.

నెత్తి మధ్యనుంచి చెవి వైపు దిగే లోతైన గాడి అది, సెంట్రల్ సల్కస్ అంటారు. దానికి ముందున్న ముడత కదలికలది, వెనకున్నది స్పర్శది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, రోగులు మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేస్తూ ఆ ముడతల మీద సన్నని విద్యుత్తు తాకించి ఏ భాగం కదులుతుందో, ఎక్కడ తిమ్మిరెక్కుతుందో రాసుకున్నాడు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టే అది సాధ్యమైంది. 1937లో ఆయన అచ్చువేసిన పటం ప్రకారం ఒళ్లంతా ఆ ముడత మీద తలకిందులుగా పరుచుకుని ఉంటుంది. రెండు అర్ధగోళాల మధ్య సందులో, లోపలివైపు, కాలు. పైనుంచి దిగుతుంటే నడుము, భుజం, ఆ తర్వాత చాలా చోటు తీసుకుని అరచెయ్యీ వేళ్లూ, ఇంకా కిందికి ముఖం, పెదవులు, నాలుక. వీపు మొత్తానికి ఉన్న చోటు కంటే బొటనవేలికి ఉన్నదే ఎక్కువ. సూదిలో దారం ఎక్కించేది వేళ్లు కదా, వీపు కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో మీరు అడగకుండా వదిలేసిన ఒకదానికి జవాబు దొరుకుతుంది: కాలు కోలుకుంది, చెయ్యి ఎందుకు కోలుకోలేదు? కార్టెక్స్ బయటివైపు చాలా భాగానికి రక్తం ఇచ్చేది మధ్య మస్తిష్క ధమని. పక్షవాతంలో ఎక్కువగా మూసుకుపోయేది అదే. చెయ్యి, ముఖం, నాలుక, వాటిని ఆనుకునే ఉన్న బ్రోకా ప్రాంతం, అన్నీ దాని పరిధిలోవి. కాలి చోటు మాత్రం లోపలి సందులో ఉంది, ఆ చోటికి రక్తం ఇచ్చేది వేరే ధమని, ముందు మస్తిష్క ధమని. అందుకే చెయ్యీ, మూతీ, మాటా ఒకే దెబ్బతో పోయి కాలు కొంత బయటపడింది. నాన్నగారి నుదురు గమనించండి. పైకి చూడమంటే రెండువైపులా ముడతలు పడుతూనే ఉంటాయి, వంకర మూతి దగ్గరే ఉంటుంది. నుదుటి కండరాలకు రెండు అర్ధగోళాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. కింది ముఖానికి ఆ సౌకర్యం అంతగా లేదు. నటించేవాడికి ఇదంతా ఎలా తెలుస్తుందో మీ అన్నయ్యనే అడగండి.

మాట దగ్గరికి వద్దాం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి భాష ప్రధానంగా ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది, ఎడమచేతి వాటం వాళ్లలో కూడా నూటికి 70 మంది దాకా అంతే. బ్రోకా తర్వాత పదమూడేళ్లకు, 1874లో, కార్ల్ వెర్నికె అనే 26 ఏళ్ల జర్మన్ వైద్యుడు దీనికి పూర్తిగా తలకిందులైన రోగుల గురించి రాశాడు. వాళ్లు ధారాళంగా మాట్లాడతారు, స్వరం బాగుంటుంది, వాక్యం పొడవుగా ఉంటుంది, కానీ అందులో అర్థం ఉండదు. ఎదుటివాళ్ల మాటా వాళ్లకు అందదు. తాము తప్పు మాట్లాడుతున్నామన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. వాళ్లలో దెబ్బతిన్న చోటు ఎడమ టెంపొరల్ లోబ్ పైభాగం, వెనకవైపు. మీ నాన్నగారు ఆ రకం కాదు. మాట రాక చెమటలు పట్టి చెయ్యి విసిరేశారంటే, ఏం చెప్పాలో లోపల సిద్ధంగా ఉంది, బయటికి తెచ్చే దారే తెగింది. చెప్పదలచుకున్నది ఎదుటివాడికి చేరలేదని ఆయనకు తెలుసు. మతిపోయిన మనిషి అలా విసుక్కోడు, మీ మేనత్తగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

అయితే అర్థం చేసుకోవడం పూర్తిగా చెక్కుచెదరకుండా ఉందని కూడా నేను హామీ ఇవ్వలేను. బ్రోకా రకం రోగుల్లో చాలామంది మామూలు మాటలు పట్టుకుంటారు, మెలికలున్న వాక్యం దగ్గర తడబడతారు. మీరే చూడవచ్చు. చేత్తో సైగ చెయ్యకుండా, కళ్లతో అటు చూడకుండా, ‘కిటికీ చూపించండి’ అని అడగండి. తర్వాత ‘తలుపు చూపించి, ఆ తర్వాత మీ ముక్కు పట్టుకోండి’. ఆ పైన ‘కళ్లజోడు పుస్తకం మీద పెట్టండి’, కాసేపాగి ‘పుస్తకం కళ్లజోడు మీద పెట్టండి’. మొదటివి చేసి చివరిది తారుమారు చేస్తే, పదాలు అందుతున్నాయి గానీ వాక్యం కట్టు అందడం లేదని అర్థం. పరీక్ష పెడుతున్నట్టు అందరి ముందూ అడక్కండి. అసలైన అంచనా వేయాల్సింది స్పీచ్ థెరపిస్టే. ఇది మీరు ఆయనతో ఎంత పొడవు వాక్యాలు మాట్లాడాలో తెలుసుకోవడానికి మాత్రమే.

తిట్టు, పాట, అంకెలు ఎక్కడినుంచి వస్తున్నాయి మరి? పంతొమ్మిదో శతాబ్దంలోనే హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు మాటను రెండు రకాలుగా చూడమన్నాడు. ‘నాకు మంచినీళ్లు కావాలి’ అన్నది అప్పటికప్పుడు కూర్చుకునే మాట. పదాలు ఏరాలి, వరుస పెట్టాలి, విభక్తులు తగిలించాలి, ఆ శబ్దాలకు నాలుకనూ పెదవులనూ సిద్ధం చేయాలి. ఇదంతా ఎడమ కార్టెక్స్ పని. తిట్టు, అంకెల వరుస, వారాల పేర్లు, ‘అయ్యో’, ‘నమస్కారం’ లాంటివి వేలసార్లు నోరు తిరిగి గడ్డకట్టిన మాటలు. వాటిని కూర్చక్కర్లేదు, మొదలుపెడితే అవే వస్తాయి. కోపంలో వచ్చే తిట్టుకు భావోద్వేగాల్ని నడిపే లోపలి భాగాలు, కుడి అర్ధగోళం ఊతమిస్తాయి. పాటలో రాగం, లయ, కంఠస్థమైన పదాలు కలిసి వస్తాయి, రాగంలో కుడివైపుకు పెద్ద వాటా ఉంది. మాట పోయిన మనిషి కీర్తనలు పాడగలిగాడని స్వీడన్‌లో ఓలాఫ్ డాలిన్ అనే ఆయన 1745లోనే రాసిపెట్టాడు. నాన్నగారిని ‘ఏడు’ అని మాత్రమే చెప్పమనండి. బహుశా రాదు, ఒకటి నుంచి మొదలుపెట్టి ఏడు దాకా వచ్చి ఆగుతారు. ఇందులో మొండితనం లేదు. ‘పల్లవి పాడావుగా, నీళ్లు అని ఎందుకు అనలేవు’ అని నిలదీయడం ఆపమని మాత్రం ఇంట్లో గట్టిగా చెప్పండి. దానికంటే ఆయన్ని బాధపెట్టే ప్రశ్న లేదు.

ఇంకొక సంగతి, మీరు రాయలేదు గానీ మేనత్తగారి మాట వింటే అనుమానం వచ్చింది. ఎడమ కార్టెక్స్ దెబ్బతిన్నవాళ్లు కొందరు దువ్వెన చేతికిస్తే నోటి దగ్గరికి తీసుకుపోతారు, చొక్కా ఎటునుంచి తొడుక్కోవాలో తెలియక నిలబడిపోతారు. దీన్ని అప్రాక్సియా అంటారు. చేతిలో బలం ఉన్నా, వస్తువేమిటో తెలిసినా, దాన్ని వాడే చర్యల వరుస జారిపోతుంది. చూసేవాళ్లకు పిచ్చిలా కనిపిస్తుంది. అలాగే కుడివైపు పెట్టిన వస్తువులు ఆయనకు కనబడుతున్నాయో లేదో చూడండి. చూపు తీగలు కొంత ఈ దెబ్బలో పోతే రెండు కళ్లలోనూ కుడి సగం కనబడదు. పళ్లెంలో కుడి పక్కది వదిలేస్తుంటే, కుడివైపు నిలబడి పిలిస్తే తిరగకపోతే, అది అలకో మతిమరుపో అనుకోకుండా డాక్టరుకు చెప్పండి. అప్పటిదాకా మాట్లాడాలంటే ఆయన ఎడమవైపు కూర్చోండి.

తెలివి అనేది ఈ పొరలో ఒక మూల పెట్టెలో ఉండదు. మాట బాగా ఉండి మనిషి మారిపోయిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. 1848లో అమెరికాలో రైలుమార్గం పనిలో ఉన్న ఫినియస్ గేజ్ అనే 25 ఏళ్ల మేస్త్రీ తలలోంచి మీటరు పొడవైన ఇనుపకడ్డీ దూసుకుపోయింది. మాట పోలేదు, నడక పోలేదు. పోయింది నిగ్రహం, ప్రణాళిక, పనిలో నిలకడ, కొంతకాలమైనా. దెబ్బ ఫ్రాంటల్ లోబ్ ముందుభాగానికి తగిలింది. మీ నాన్నగారిది సరిగ్గా దీనికి ఎదురు. మాట పోయింది. ఇంటిపెద్దగా ఆయన నిర్ణయాలు తీసుకునే శక్తిని, మీరు ఆయన్ని అడగడం మానెయ్యడం తప్ప, ఇంకేదీ లాక్కోలేదనే నా అనుమానం.

పది శాతం సంగతికి ఎక్కువ చోటు ఇవ్వను. అది వట్టి పుకారు. మెదడు శరీరం బరువులో 2 శాతమే ఉన్నా, శరీరం వాడే శక్తిలో 20 శాతం దాకా అదే తినేస్తుంది. తొంభై శాతం ఖాళీగా కూర్చున్న అవయవానికి శరీరం అంత ఖర్చుపెట్టదు. పైగా ఖాళీగా ఉన్నదే అంతుంటే, ఇంత చిన్న చోట దెబ్బ తగిలినందుకు మీ ఇల్లు ఇంత అల్లకల్లోలం అయ్యేదా?

కుడి మెదడు శిక్షణకు డబ్బు కట్టకండి. ఎడమ అంటే లెక్కలు, కుడి అంటే కళలు, మనిషికో వైపు బలం అనే మాట శాస్త్రం కాదు. రెండు అర్ధగోళాలను కలిపే నాడీతీగల కట్టను మూర్ఛకు చికిత్సగా కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ చేసిన ప్రయోగాలకు 1981లో నోబెల్ వచ్చింది. ఆ ఫలితాలనే ఎవరో సాగదీసి వ్యాపారం చేశారు. 2013లో వెయ్యిమందికి పైగా స్కాన్లు పరిశీలిస్తే, ఫలానా మనిషి మొత్తంగా ఎడమ మెదడు వాడేవాడు, ఫలానావాడు కుడి మెదడు వాడేవాడు అన్న ఆధారం దొరకలేదు. అయితే కుడివైపును వాడుకునే ఒక నిజమైన పద్ధతి ఉంది. 1973లో మొదటిసారి ప్రకటించిన మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీలో, ‘నీళ్లు కావాలి’ లాంటి చిన్న మాటను రెండు స్వరాల్లో పాడిస్తూ, ఎడమచేత్తో తాళం వేయిస్తూ, నెమ్మదిగా రాగం తగ్గించి మామూలు మాటలోకి దింపుతారు. అర్థం చేసుకోగలిగి, మాట రాక, పాడగలిగే రోగులకే దీన్ని వాడతారు. అంటే మీ నాన్నగారి లాంటివారికి. నేర్పించిన మాటలు మెరుగవుతాయి, కొత్త వాక్యాలు వాటంతటవే పుట్టుకొస్తాయని మాత్రం ఆశించకండి. స్పీచ్ థెరపిస్టును దీని గురించి పేరు పెట్టి అడగండి.

నాలుగు నెలలైంది, ఇక ఇంతేనా అని భయపడుతున్నట్టున్నారు. వేగంగా కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువ, నిజమే. చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు. కానీ చుట్టుపక్కల బతికున్న కార్టెక్స్, భాషాపటంలోని తక్కిన భాగాలు, కొంతవరకు కుడివైపు కూడా, ఆ పనిలో వాటా తీసుకుంటాయి. మాట ఒక్క చోటిది కాదని పైన చెప్పింది ఇందుకే. 2017లో జర్మనీలో జరిగిన పెద్ద పరీక్షలో, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లకు వారానికి పది గంటలకు తగ్గకుండా మూడు వారాలు స్పీచ్ థెరపీ ఇస్తే రోజువారీ మాటల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. వారానికి అరగంట థెరపీ ఇచ్చి ‘ఏమీ రాలేదు’ అనడం న్యాయం కాదు. థెరపిస్టు ఇచ్చినదాన్ని ఇంట్లో రోజూ చేయించేవాళ్లు కావాలి. ఆ పనికి మీ అన్నయ్యను పెట్టండి. దగ్గర కూర్చుని చేయిస్తే అనుమానం దానంతటదే పోతుంది. చెయ్యి విషయంలోనూ అంతే. మణికట్టు, వేళ్లు ఏ కొంచెం కదిలినా ఫిజియోథెరపిస్టుకు చెప్పండి, ఆ చిన్న కదలిక ఉన్నవాళ్లకు మంచి చేతిని కొన్ని గంటలు కట్టేసి పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. మీ అంతట మీరు మాత్రం కట్టెయ్యకండి.

మాట్లాడే తీరు మార్చుకోవాల్సింది మీరు. ‘నాన్నా, ఏం కావాలి?’ అని అడిగితే ఆయన ఒక వాక్యం కూర్చాలి, చేతకాదు. ‘నీళ్లా, పడుకుంటారా?’ అని రెండిటినీ చూపిస్తూ అడిగితే వేలితో చూపించగలరు. అవును, కాదు అనే మాటలు తారుమారయ్యే అవకాశం ఉంది, అందుకని బొటనవేలు పైకి, కిందికి అనే గుర్తు పెట్టుకోండి, ముఖ్యమైన విషయమైతే ఒకే ప్రశ్నను తిప్పి రెండోసారి అడగండి. ఒక ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. చాలా ఇళ్లలో ఇదే జరగదు, రోగి నోరు తెరిచేలోపే ముగ్గురు మూడు జవాబులు చెప్పేస్తారు. ఆయన మాట మొదలుపెడితే పూర్తి చేయకండి, సాయం కావాలా అని అడిగి అప్పుడు అందించండి. టీవీ ఆపండి. గట్టిగా అరవకండి, పోయింది చెవి కాదు. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు ముద్దు మాటలు అసలే వద్దు.

పలక, కలం ఇస్తే రాసి చూపిస్తారు కదా అని చాలామంది అనుకుంటారు. అక్షరాల బోర్డు కొనేవాళ్లూ ఉన్నారు. అఫేసియాలో పోయేది నోరు కాదు, భాష. కాబట్టి చాలామందికి రాతా పోతుంది, అందులోనూ ఆయన రాసే చెయ్యే పడిపోయింది. రాయలేకపోతే అది ఇంకో ఓటమిలా తగులుతుంది. దానికి బదులు ఫోటోలు పనికొస్తాయి: ఇంట్లోవాళ్లవి, గదులవి, మందులవి, దుప్పటి, ఫ్యాను, బాత్‌రూమ్. ఫోన్లో ఒక ఆల్బమ్ చేసి ఇవ్వండి, ఎడమచేత్తో తిప్పుకుంటారు. నొప్పి ఎంతుందో చెప్పడానికి ముఖాల బొమ్మలు వరుసగా గీసి పెట్టండి. ఆయన పక్కనుండగా ఆయన గురించి ‘ఆయనకేం తెలుస్తుంది’ అని ఎవరూ అనకూడదు. తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కార్టెక్స్ మీద మిగిలిన మచ్చ వల్ల కొందరికి నెలల తర్వాత ఫిట్స్ వస్తాయి. కుడిచెయ్యి గానీ మూతి కుడివైపు గానీ ఉన్నట్టుండి లయగా కొట్టుకోవడం మొదలైతే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, సమయం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకోటి వచ్చినా వెంటనే ఆస్పత్రికి. ఐదు నిమిషాల లోపే ఆగినా, మొదటిసారి వచ్చిందైతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం కూడా ఉంది. మాటతో గుర్తుపట్టడం ఇప్పుడు కుదరదు కాబట్టి ఎడమచెయ్యి జారడం, మూతి రెండోవైపుకు లాగడం, ఉన్న కొద్ది మాటా హఠాత్తుగా పోవడం, నడక తూలడం చూసుకోండి. రక్తపు గడ్డను కరిగించే మందు పనిచేసేది మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే. పడుకుంటే తగ్గుతుందేమో అని ఎదురుచూడకండి. బీపీ, షుగరు, రక్తాన్ని పలచబరిచే మాత్రలు ఒక్కపూట కూడా ఆపవద్దు.

చివరిది, ఇళ్లలో అందరూ వదిలేసేది. పక్షవాతం తర్వాత మూడోవంతు మందికి దిగులు జబ్బు వస్తుంది, అఫేసియా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ‘బాధగా ఉంది’ అని చెప్పడానికి ఆయనకు మాట లేదు. తిండి తగ్గడం, తెల్లవారుజామునే మెలకువ, థెరపీకి మొహం తిప్పుకోవడం, పాట పెట్టినా పట్టించుకోకపోవడం కనిపిస్తే ‘మొండికేశారు’ అనుకోకుండా డాక్టరుకు చెప్పండి. దీనికి మందులున్నాయి, పనిచేస్తాయి, దిగులు తగ్గితే మాట సాధన కూడా ముందుకు కదులుతుంది. వచ్చేసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు స్పీచ్ థెరపీ, కుడివైపు చూపు, ఈ దిగులు, మూడూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయే డాక్టరైనా రాసుకొచ్చిన ప్రశ్నలకు ఆగుతారు. అన్నయ్యను కూడా వెంట తీసుకెళ్లండి, నాన్నగారి ఎడమవైపు కుర్చీలో కూర్చోమనండి.